బట్టల సోడాలో దాగిన ఆక్సిజన్

నల్లసముద్రం ఒడ్డున ఉన్న ఒడెస్సా నగరంలో సెబాస్టియన్ తనతార్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. 1898లో ఆయన సోడియం పెర్బోరేట్‌ను తయారుచేశాడు. మరుసటి ఏడు, 1899లో, సోడియం పెర్కార్బొనేట్‌ను. రెండూ తెల్లటి పొడులే. నీళ్లలో పడగానే రెండూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వదులుతాయి. మొదటిది పదేళ్లు తిరగకుండానే యూరప్ ఇళ్లలోకి అడుగుపెట్టింది. రెండోదాని వంతు రావడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది. ఇవాళ ఆక్సిజన్ బ్లీచ్ పేరుతో మనం కొనే మరకల పొడుల్లో పనిచేసేది ఆ రెండోదే.

బట్టను తెల్లబరచడానికి మనిషికి మొదటి నుంచీ తెలిసిన దారి క్షారం, తడి, ఎండ. మన చాకిరేవుల్లో చవుడు మట్టి నీళ్లలో బట్టలు నానబెట్టి, ఉబ్బ వేసి, ఉతికి, ఎండలో పరిచేవారు. ఆ చవుడులో ఉండేది ప్రధానంగా సోడియం కార్బొనేట్, అంటే బట్టల సోడాయే. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు గాడా గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి, స్వర్ణముఖి ఇసుకలో ఆరబెట్టి, తడుపుతూ మళ్లీ ఆరబెట్టి తెలుపు తెచ్చేవారు. హాలండ్‌లోని హార్లెమ్ చుట్టూ పచ్చిక మైదానాల్లోనూ ఇదే జరిగేది. అక్కడ నార బట్ట తెల్లబడటానికి నెలలు పట్టేది. తడిబట్ట మీద ఎండ పడినప్పుడు గాలిలోని ఆక్సిజన్ రంగు అణువులను కొద్దికొద్దిగా విరగ్గొడుతుంది. ఆ సంగతి ఎవరికీ తెలియకపోయినా పని మాత్రం చక్కగా సాగింది.

నెలల పనిని గంటల్లోకి తెచ్చింది క్లోరిన్. స్వీడన్‌లో షీలే 1774లో దాన్ని వేరుచేశాడు. ఫ్రాన్స్‌లో బెర్తొలే 1785లో దానితో బట్టలు తెల్లబరచవచ్చని చూపాడు. స్కాట్లాండ్‌లో చార్లెస్ టెన్నెంట్ 1799లో బ్లీచింగ్ పౌడర్‌కు పేటెంటు పొందాడు. మిల్లులకు అది వరమైంది. అయితే మోతాదు కాస్త మించితే నూలు పోగే బలహీనపడేది, రంగు బట్ట పాడయ్యేది. పట్టు, ఉన్ని అయితే పసుపెక్కి చెడిపోయేవి.

ఆక్సిజన్ దారి మళ్లీ తెరిచినవాడు పారిస్‌లోని లూయీ జాక్ తెనార్. బేరియం పెరాక్సైడ్‌ను ఆమ్లంతో కలిపి 1818లో ఆయన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కనిపెట్టాడు. నీటి అణువులో ఒక ఆక్సిజన్ ఉంటే ఇందులో రెండున్నాయి. ఆ రెండోది నిలకడగా ఉండదు, దొరికినదానికి అంటుకోవాలని చూస్తుంది. పాత చిత్రాల్లో సీసపు తెల్లరంగు ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని గంధకం వల్ల నల్లబడుతుంది. రఫాయెల్ గీసిన ఒక చిత్రంలో అలా నల్లబడ్డ చోట్లను తెనార్ తన ద్రవంతో మళ్లీ తెల్లగా చేశాడు. నల్లటి లెడ్ సల్ఫైడ్ తెల్లటి లెడ్ సల్ఫేట్‌గా మారిపోయింది. బ్లీచింగ్ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

అయితే పెరాక్సైడ్ ద్రవం. దాన్ని నిలవ ఉంచడం, మోయడం కష్టం. తనతార్ గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. అణువుల లెక్కలో రెండు పాళ్ల బట్టల సోడా, మూడు పాళ్ల పెరాక్సైడ్ కలిసి ఒకే స్ఫటికంగా కట్టుకుంటాయి. మైలుతుత్తంలో నీరు బంధించి ఉన్నట్టే ఇందులో పెరాక్సైడ్ బంధించి ఉంటుంది. బరువులో దాదాపు మూడో వంతు అదే. క్షారం లేనిదే పెరాక్సైడ్ చురుగ్గా పనిచేయదు. ఆ క్షారం కూడా ఈ పొడిలోనే ఉంది. అంటే చవుడూ ఎండా చేసే పనులు రెండూ ఒకే చెంచాలో ఉన్నాయన్నమాట.

మరి ఇంత మంచి పదార్థం ఎందుకు వెనకబడింది? తేమ వల్ల. గాలిలో కొంచెం చెమ్మ తగిలినా పెర్కార్బొనేట్ పెట్టెలోనే విడిపోయి ఆక్సిజన్‌ను పోగొట్టుకునేది. పెర్బోరేట్ నెలల తరబడి చెక్కుచెదరదు. అందుకే 1907లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో హెంకెల్ కంపెనీ తెచ్చిన పెర్సిల్ పొడిలో పెర్బోరేట్‌నే వాడారు. సబ్బు, సోడా, పెర్బోరేట్ కలిసిన ఆ పొడిలో బట్టలను మరిగిస్తే చాలు, గడ్డి మీద ఆరేసి తెల్లబరచే పని తప్పిపోయింది. రుద్దే పనీ తగ్గింది. ఆడవాళ్ల నడుములకు దక్కిన ఆ విశ్రాంతిని నేను చిన్న విషయంగా చూడను.

తర్వాతి రోజుల్లో కరెంటు ఖర్చు తగ్గించుకోవాలని యూరప్ ఉతుకునీటి వేడిని 90 డిగ్రీల నుంచి 40కి దించింది. 60 డిగ్రీల లోపు పెర్బోరేట్ మందకొడి. చల్లటి నీళ్లలో త్వరగా కరగదు కూడా. బోరాన్ మీద ఆరోగ్య సందేహాలు వచ్చి, యూరోపియన్ యూనియన్ పెర్బోరేట్లను ప్రత్యుత్పత్తికి హాని చేసేవాటి కింద వర్గీకరించింది. ఈలోగా పెర్కార్బొనేట్ గుళికలకు సోడియం సల్ఫేట్ లాంటి లవణాలతో పలచటి పూత వేసి తేమ నుంచి కాపాడటం నేర్చుకున్నారు. పాత అడ్డంకి అలా తొలగింది.

పెర్కార్బొనేట్ ఎలా పనిచేస్తుందో చూడాలంటే పసుపు మరక చాలు. పసుపులోని కర్కుమిన్ అణువులో ఒక ద్విబంధం, ఒక ఏకబంధం మార్చిమార్చి గొలుసులా ఉంటాయి. రంగంతా ఆ గొలుసు వల్లే. గోరువెచ్చని పెర్కార్బొనేట్ నీళ్లలో వేయగానే మరక ముందు ఎర్రబడుతుంది. అది క్షారం చేసే పని, భయపడనక్కర్లేదు. ఆ తర్వాత పెరాక్సైడ్ నుంచి పుట్టిన అయాన్లు గొలుసును తెంచుతాయి. గొలుసు తెగితే రంగు లేదు. పసుపు అంటిన బట్టను ఎండలో వేస్తే వెలిసిపోయేదీ ఆ గొలుసు చెడిపోవడం వల్లే.

పట్టుచీరకూ ఉన్నికీ ఈ పొడిని వాడకూడదు, ఇందులోని క్షారం వాటిని తినేస్తుంది. క్లోరిన్ బ్లీచ్‌తో కలిపితే రెండూ ఒకదాన్నొకటి ఖర్చుచేసుకుని, ఆక్సిజన్ పొంగిపోతుంది తప్ప బట్టకు ఒరిగేదేమీ లేదు. నీళ్లలో కలిపాక సీసాలో పోసి బిగించి మూత పెట్టడం ప్రమాదం, లోపలి వాయువుకు సీసా పగలవచ్చు. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లలో పెరాక్సైడ్ త్వరగా విరిగిపోతుంది కాబట్టి ఫలితం తగ్గుతుంది.

కోస్తా ఆక్వా రైతులకు ఈ పొడి మరో రూపంలో బాగా తెలుసు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలినప్పుడు వాళ్లు చల్లే ఆక్సిజన్ బిళ్లల్లో ఉండేది ఎక్కువగా పెర్కార్బొనేటే. రాత్రంతా నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ ఆక్సిజన్‌ను పీల్చుకుంటాయి కాబట్టి సూర్యోదయానికి ముందే ఆ కష్టం వస్తుంది. కిలో పెర్కార్బొనేట్ ఇచ్చే ఆక్సిజన్ సుమారు 150 గ్రాములు. ఎకరం చెరువు, ఒకటిన్నర మీటరు లోతు అనుకుంటే అందులో 60 లక్షల లీటర్ల నీరుంటుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము పెంచాలన్నా 6 కిలోల ఆక్సిజన్ కావాలి, అంటే 40 కిలోల పొడి. కాబట్టి ఇది నీటిలో గాలి కలిపే ఏరియేటర్లకు బదులు కాదు, కరెంటు పోయిన గంటలో గండం గట్టెక్కించే సాధనం. అదీ కొలత మీదే వాడాలి. సోడా వల్ల నీటి పీహెచ్ పెరిగితే చెరువులోని అమ్మోనియాలో విషపూరితమైన భాగం ఎక్కువై, ఊపిరి పోయబోయిన రొయ్యలకే ముప్పు తెస్తుంది.