విడదీసే విద్య: స్విచ్చు, రిలేలలో స్ప్రింగు చరిత్ర

విద్యుత్తు చరిత్ర చెప్పే పుస్తకాలు బ్యాటరీతో మొదలై డైనమో, దీపం, మోటారుల మీదుగా సాగిపోతాయి. స్విచ్చుకు అందులో ఒకటి రెండు వాక్యాలు దొరికితే గొప్ప. స్విచ్చు లోపలి స్ప్రింగుకు అవి కూడా దక్కవు. కానీ కరెంటు మనిషి చెప్పుచేతల్లోకి ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే ఈ చిన్న లోహపు ముక్క దగ్గర కాసేపు ఆగక తప్పదు. రెండు తీగలను కలపడం ఎవరికైనా చేతనవుతుంది, చివరలు తాకిస్తే చాలు. వాటిని సరైన క్షణంలో, తగినంత వేగంగా, ప్రతిసారీ ఒకే తీరున విడదీయడమే కష్టం. టెలిగ్రాఫు కాలం నుంచి నేటి వరకూ ఆ కష్టమైన పనిని ఎక్కువగా స్ప్రింగే మోస్తూ వచ్చింది.

1831లో అమెరికాలోని ఆల్బనీ అకాడమీలో అధ్యాపకుడిగా ఉన్న జోసెఫ్ హెన్రీ మైలు పొడవున్న తీగ గుండా కరెంటు పంపి, రెండో చివర విద్యుదయస్కాంతంతో గంట మోగించాడు. తర్వాత ప్రిన్స్‌టన్‌కు వెళ్లి, 1835 ప్రాంతంలో మరో అడుగు వేశాడు. దూరం నుంచి వచ్చే బలహీనమైన కరెంటు ఒక చిన్న అయస్కాంతాన్ని కదిలిస్తుంది. ఆ కదలిక దగ్గరలోనే ఉన్న బలమైన బ్యాటరీ వలయాన్ని తెరుస్తుంది, మూస్తుంది. తర్వాతి కాలంలో రిలే అని పిలిచిన సాధనానికి మూలం ఇదే. హెన్రీ తన ప్రయోగాల్లో పాదరసపు గిన్నెలో ముంచిన తీగను కాంటాక్టుగా వాడాడు. తరగతి గదిలో చూపడానికి అది సరిపోయింది. నిమిషానికి పదుల మార్లు కలిసి విడిపోవలసిన తంతి యంత్రానికి మాత్రం అది చాలదు.

ఆ లోటు తీరింది టెలిగ్రాఫులో. 1844 మే 24న శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుంచి సుమారు 64 కిలోమీటర్ల దూరంలోని బాల్టిమోర్‌కు సందేశం పంపాడు. ఆ తర్వాత స్థిరపడిన యంత్రాల్లో రెండు చోట్ల స్ప్రింగు కనిపిస్తుంది. పంపేవాడి చేతికింద ఉండే కీలో ఒకటి: వేలు నొక్కితే కలుస్తుంది, వేలు వదిలితే స్ప్రింగు పైకెత్తుతుంది. అందుకునేవాడి బల్ల మీది రిలేలో మరొకటి: అయస్కాంతం లాగిన ఇనుప పలకను, అంటే ఆర్మెచర్‌ను, కరెంటు ఆగగానే వెనక్కి లాగుతుంది. అయస్కాంతానికి లాగడమే తెలుసు, తిప్పి పంపడం తెలియదు. చుక్కకూ గీతకూ మధ్య ఎడం ఏర్పడేది ఆ వెనక్కి లాగే స్ప్రింగు వల్లే.

ఆనాటి తంతి ఆపరేటరు నైపుణ్యంలో సగం ఈ స్ప్రింగును సవరించడంలోనే ఉండేది. అమెరికా లైన్లలో ఖాళీ సమయంలోనూ కరెంటు పారుతూనే ఉండేది. కీ దాన్ని తెంచి, కలిపి సంకేతాలు పంపేది. ఎండ కాసే రోజు ఇబ్బంది లేదు. వాన పడితే తడిసిన స్తంభాల మీదుగా కరెంటు భూమిలోకి జారేది. అవతలి ఊళ్లో కీ తెరిచినా ఇవతలి బ్యాటరీ నుంచి కొంత కరెంటు ఆ దొంగదారిలో పారుతూనే ఉండేది. దాంతో ఆర్మెచర్ అయస్కాంతానికి అతుక్కుపోయేది. ఆపరేటరు రిలే పక్కనున్న మరను వేళ్లతో తిప్పి స్ప్రింగును బిగించేవాడు. జారిన కరెంటు లాగే బలం కంటే ఎక్కువగా, అసలు సంకేతం లాగే బలం కంటే తక్కువగా ఆ బిగువు నిలవాలి. వాన పెరిగేకొద్దీ ఈ రెంటి నడుమ సందు ఇరుకయ్యేది. వాన వెలిసి తీగలు ఆరాక మళ్లీ వదులు చేయాలి.

ఆ సందును అర్థం చేసుకోవడానికి భౌతికశాస్త్రం వైపు ఒకసారి చూడాలి. స్ప్రింగును ఎంత సాగదీస్తే అంత బలంగా వెనక్కి లాగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. అక్కడ బలం నిదానంగా, సమంగా పెరుగుతుంది. అయస్కాంతం తీరు వేరు. ఆర్మెచర్ దగ్గరయ్యేకొద్దీ దాని ఆకర్షణ ఇంకా ఇంకా వేగంగా పెరుగుతుంది. అందువల్ల ఆర్మెచర్ ఒకసారి కదిలిందంటే మధ్యలో ఆగదు, టక్కున వెళ్లి అతుక్కుంటుంది. అతుక్కున్నాక పట్టి ఉంచడానికి కొద్దిపాటి కరెంటు చాలు. నేటి 12 వోల్టుల మామూలు రిలే సుమారు 9 వోల్టులకే పట్టుకుంటుంది. వదలాలంటే మాత్రం వోల్టేజి అంతకంటే చాలా కిందికి పడిపోవాలి. పట్టే విలువకూ వదిలే విలువకూ మధ్యనున్న ఈ తేడా వల్లే రిలే ఊగిసలాడకుండా అటో ఇటో ఒక నిర్ణయానికి వస్తుంది. కరెంటు పూర్తిగా ఆగినా ఇనుములో కొంత అయస్కాంతత్వం మిగిలిపోతుంది. స్ప్రింగు దాని మీద కూడా గెలవాలి కనుక, ఆర్మెచర్ ఇనుప కోర్‌ను నేరుగా తాకకుండా అయస్కాంతం అంటని లోహంతో చేసిన చిన్న మేకును మధ్యలో అడ్డుపెట్టడం రివాజైంది.

టెలిగ్రాఫులో పారేది స్వల్ప కరెంటు. ఇళ్లలోకి దీపాలు వచ్చేసరికి స్ప్రింగుకు మరో బాధ్యత పడింది. ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరం ఇందులో ముందుంది. జోసెఫ్ స్వాన్ తన విద్యుద్దీపాన్ని 1879లో ప్రదర్శించింది అక్కడే. అదే నగరంలో విద్యుత్ పరికరాల సంస్థ నడిపిన జాన్ హెన్రీ హోమ్స్ 1884లో తటాలున తెరుచుకునే స్విచ్చుకు పేటెంటు పొందాడు. దాని అవసరం తెలియాలంటే కాంటాక్టులు విడిపోయే క్షణాన్ని దగ్గరగా చూడాలి. రెండు లోహాలు ఎడమవుతుంటే చివరికి ఒక చిన్న బిందువు దగ్గరే తాకి ఉంటాయి. మొత్తం కరెంటు ఆ బిందువు గుండానే పోవాలి. అక్కడ లోహం కరిగి, ఆవిరవుతుంది. ఆ వేడి ఆవిరి గుండా కరెంటు గాలిలోనే పారుతూ ఆర్క్ ఏర్పడుతుంది. ఆనాటి ఇళ్లకు డైనమోల నుంచి ఎక్కువగా డైరెక్ట్ కరెంటు అందేది. అది ఎడతెరిపి లేని ప్రవాహం కాబట్టి తగినంత దూరం జరిగితే తప్ప ఆర్క్ ఆరదు. పిడిని మెల్లగా తిప్పే మనిషి చేతిలో స్విచ్చు ప్రతిసారీ కొంత కాలిపోయేది. చెక్క ఇంటికి నిప్పంటుకునే ప్రమాదమూ పొంచి ఉండేది.

హోమ్స్ చేసిందల్లా మనిషి చేతికీ కాంటాక్టుకూ మధ్య స్ప్రింగును నిలబెట్టడమే. పిడి కదిలినా కాంటాక్టులు వెంటనే కదలవు. ముందు స్ప్రింగు బిగుస్తుంది. ఒక హద్దు దాటాక అది ఒక్కసారిగా వదులై కాంటాక్టులను దూరంగా విసిరేస్తుంది. ఎప్పుడు ఆర్పాలో మనిషి నిర్ణయిస్తాడు, ఎంత వేగంగా ఆర్పాలో స్ప్రింగు నిర్ణయిస్తుంది. బలహీనుడు నొక్కినా, బలవంతుడు నొక్కినా, పిల్లలు నొక్కినా కాంటాక్టులు విడిపోయే వేగం ఒకటే. విద్యుత్ పరికరాల చరిత్రలో ఈ పని విభజనకు దక్కవలసినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం. 1917లో అమెరికాలో విలియం న్యూటన్ రూపొందించిన పైకీ కిందికీ వాలే మీట స్విచ్చు కూడా ఈ సూత్రాన్నే సులువైన ఆకారంలోకి తెచ్చింది.

ఆల్టర్నేటింగ్ కరెంటు వ్యాపించాక స్విచ్చు మీద భారం తగ్గింది. 50 హెర్ట్జ్ కరెంటు సెకనుకు 100 మార్లు సున్నాకు చేరుతుంది. ప్రతి సున్నా దగ్గరా ఆర్క్ ఆరిపోయే అవకాశం ఉంటుంది. అందుకే నేటి స్విచ్చుల్లో కాంటాక్టుల మధ్య ఎడం తక్కువైనా సరిపోతోంది. మన ఇళ్లలోని పియానో స్విచ్చును విప్పి చూస్తే పైనున్న మీట పొట్టలో గోరంత చుట్టల స్ప్రింగు, దాని కొన మీద ఒక చిన్న పిన్ను కనిపిస్తాయి. కింద తూగే ఇత్తడి పలక ఉంటుంది. మీట నొక్కితే పిన్ను ఆ పలక మీద ఒక వైపు నుంచి మరో వైపుకు జారుతుంది. నడిమి గీత దాటే వరకూ స్ప్రింగు నలుగుతుంది. దాటగానే విచ్చుకుని పలకను అవతలికి తోస్తుంది. చెవికి వినిపించే 'టక్' ఆ గీత దాటిన చప్పుడే. అది మెత్తబడి, మీట మధ్యలో నిలిచిపోతుంటే లోపల పాయింట్లు, అంటే కాంటాక్టులు, కాలుతున్నాయని ఎలక్ట్రీషియన్లు ఇట్టే గుర్తుపడతారు.

1930లలో స్ప్రింగు వేగానికి కచ్చితత్వం తోడైంది. అమెరికాలో ఫిలిప్ మెక్‌గాల్ 1932లో దరఖాస్తు చేసి, 1934లో పొందిన పేటెంటు మైక్రోస్విచ్చుకు పునాది. ఇందులో స్ప్రింగు పలుచని రేకు. దాన్ని మూడు పాయలుగా చీల్చి, నడిమి పాయను సాగదీసి, పక్క పాయలను విల్లులా వంచి పెడతారు. గట్టి డబ్బా మూత నొక్కితే కొంతదాకా ఏమీ జరగక, ఒక్కసారిగా టక్కున లోపలికి పోయినట్టే ఈ రేకు కూడా తిరగబడుతుంది. బొత్తాం మిల్లీమీటరులో కొద్ది భాగం కదిలితే చాలు, లోపలి కాంటాక్టు దానికి ఎన్నో రెట్లు, అదీ మెరుపు వేగంతో దూకుతుంది. ఏ చోట తిరగబడుతుందో లక్షల సార్లు నొక్కినా పెద్దగా మారదు. లిఫ్టు తలుపు పూర్తిగా మూసుకుందని యంత్రానికి చెప్పే పనికీ, మైక్రోవేవ్ ఒవెన్ తలుపు తెరవగానే కరెంటు ఆపే పనికీ ఇలాంటి స్విచ్చులు వచ్చాయి. కంప్యూటరు మౌసులో వినిపించే 'క్లిక్' కూడా ఈ వంశానిదే.

టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో కథ మరో మలుపు తిరిగింది. మన దేశంలో తొలి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి 700 లైన్ల సామర్థ్యంతో 1913-14లో సిమ్లాలో వెలసింది. ఒక కాల్ కలవాలంటే ఎన్నో రిలేలు వరుసగా పనిచేయాలి. ఇక్కడ స్ప్రింగు వెనక్కి లాగడంతో ఆగలేదు. కాంటాక్టును మోసే చేయీ, కరెంటు పారే దారీ, ఒత్తిడి పుట్టించే బలమూ మూడూ తానే అయింది. అందుకే దానికి నికెల్ సిల్వర్, ఫాస్ఫర్ బ్రాంజ్ వంటి లోహాలు కావలసి వచ్చాయి: తుప్పు పట్టకూడదు, కరెంటును మోయాలి, కోట్ల సార్లు వంగినా అలసిపోకూడదు. ఎక్స్ఛేంజి మెకానిక్కులు ఒక్కో స్ప్రింగు బద్ద ఒత్తిడిని గ్రాముల్లో కొలిచే గేజితో పరీక్షించి, సన్నని పనిముట్టుతో పట్టి, పిసరంత వంచి సరిచేసేవారు. అమెరికా టెలిఫోను పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ 1950ల మొదట్లో తెచ్చిన వైర్ స్ప్రింగ్ రిలే ఈ చాకిరీని చాలావరకు తగ్గించింది. పొడవైన మెత్తని తీగలను ముందే బాగా వంచి బిగిస్తే, కాంటాక్టు కొంత అరిగినా ఒత్తిడి దాదాపు మారదు. అంతకుముందే 1936లో అక్కడే వాల్టర్ ఎల్‌వుడ్ రీడ్ స్విచ్చును రూపొందించాడు. గాజు గొట్టంలో మూసిన రెండు ఇనుప మిశ్రమ బద్దలే అందులో అయస్కాంతాలు, అవే కాంటాక్టులు, అవే స్ప్రింగులు. విడి భాగంగా మొదలైన స్ప్రింగు చివరికి పరికరం మొత్తంగా మారింది.

ఇంత నమ్మకం సంపాదించిన స్ప్రింగును రైల్వే సిగ్నల్ ఇంజనీర్లు మాత్రం తేలిగ్గా నమ్మలేదు. విలియం రాబిన్సన్ 1872లో పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్‌లో పట్టాల గుండా ఎప్పుడూ కరెంటు పారుతూ రిలేను పట్టి ఉంచుతుంది. రైలు వస్తే చక్రాలు ఆ కరెంటును అడ్డదారి పట్టిస్తాయి. రిలే వదిలేస్తుంది, సిగ్నల్ ఎరుపవుతుంది. పట్టా విరిగినా, తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా ఫలితం అదే. ఈ భద్రతంతా రిలే తప్పక వదలడం మీద ఆధారపడింది. స్ప్రింగు విరగవచ్చు, భూమ్యాకర్షణ విరగదు. అందుకే ఎన్నో సిగ్నల్ రిలేలలో ఆర్మెచర్ తన బరువుతోనే పడిపోయేలా చేశారు, స్ప్రింగును తోడుగా ఉంచారు. పాయింట్లు కరిగి అతుక్కుపోకుండా ఒక వైపు లోహం, మరో వైపు కార్బన్ వాడారు. సికింద్రాబాద్‌లో 1957 నుంచి నడుస్తున్న రైల్వే సిగ్నల్, టెలికం ఇంజనీరింగ్ శిక్షణ సంస్థ ఇరిసెట్‌లో దేశం నలుమూలల సిగ్నల్ సిబ్బంది నేర్చుకునే ప్రాథమిక పాఠాల్లో ఇదొకటి: పరికరం పాడైతే ప్రమాదం వైపు కాదు, భద్రత వైపు పాడవాలి.

అదే పాఠం మన పొలాల్లోనూ ఉంది. బోరు దగ్గర స్టార్టరు డబ్బాలో పచ్చ బటన్ నొక్కితే నో వోల్ట్ కాయిల్‌కు కరెంటు అందుతుంది. అది స్ప్రింగులను నొక్కిపట్టి పాయింట్లను కలుపుతుంది. వేలు తీసినా పక్కనున్న చిన్న కాంటాక్టు కాయిల్‌కు కరెంటు అందిస్తూ ఉంటుంది. ఎర్ర బటన్ నొక్కినా, కరెంటు పోయినా కాయిల్ బలం పోతుంది, స్ప్రింగు పాయింట్లను విడదీస్తుంది. కరెంటు తిరిగి వచ్చినా మనిషి వచ్చి నొక్కే దాకా మోటారు తిరగదు. కరెంటు వేళాపాళా లేకుండా వచ్చిన రోజుల్లో రైతులు కరెంటు రాగానే మోటారును తామే నడిపే ఆటో స్టార్టర్లు బిగించారు. అర్ధరాత్రి చేనికి వెళ్లలేని రైతు అవస్థ లోంచి పుట్టిన ఏర్పాటు అది, తప్పుపట్టలేం. కానీ కరెంటు రాగానే ఫీడరు మీది మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మరు మీద భారం పడుతుంది, అవసరం లేని నీరూ పైకి వస్తుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లను తొలగించమని ప్రభుత్వం రైతులను కోరింది ఇందుకే.

హెన్రీ ప్రయోగశాల నుంచి మన బోరుబావి దాకా ఈ చరిత్ర చెప్పే నీతి ఒక్కటే. కరెంటు ఉన్నంతసేపూ యంత్రం ఏం చేయాలన్నది సగం ప్రశ్నే. కరెంటు పోయిన క్షణాన అది ఏ స్థితికి చేరాలన్నది మిగతా సగం. ఆ రెండో సగానికి జవాబుగా స్ప్రింగును పెట్టారు. పాలిటెక్నిక్‌లు, ఐటీఐలలో స్టార్టరు వైరింగ్ నేర్పే ఉపాధ్యాయులు ఈ రెండో సగాన్నీ విద్యార్థులకు విడమరిచి చెప్పాలి. ఇంట్లో స్విచ్చు చప్పుడు మెత్తబడితే వెంటనే మార్పించండి. పొలంలో ఆటో స్టార్టరు ఇంకా ఉంటే తీయించి, విడదీసే పనిని స్ప్రింగుకూ, మళ్లీ కలిపే నిర్ణయాన్ని మీ చేతికీ వదలండి.