హృద్రోగ మరణములు: దేశదేశమునకు భేదమేల?

గుండె కండరమునకు రక్తమును కొనిపోవు నాళములలో కొవ్వు పేరుకొని దారి ఇరుకైనచో గుండెపోటు సంభవింపవచ్చును. ఈ వ్యాధివలన కలుగు మరణములు అన్ని దేశములలో ఒకే రీతిగా లేవు. దీనికి కారణము వంశమా, జీవన విధానమా? లేక మరణములను లెక్కించుటలోనే తేడా ఉన్నదా? ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నలను పరిశీలించిరి.

అమెరికా శాస్త్రజ్ఞుడు ఏన్సెల్ కీస్ 1953లో ఆరు దేశముల అంకెలను ప్రకటించి, ఆహారములో కొవ్వు హెచ్చినకొలది హృద్రోగ మరణములు హెచ్చుచున్నవని చూపెను. 1957లో యెరుషల్మి, హిల్లెబో అను ఇరువురు దీనిని ఆక్షేపించిరి. 22 దేశముల అంకెలు లభించుచుండగా ఆరింటినే గ్రహించుట తగదనిరి. మరణ ధ్రువపత్రములపై ఆధారపడిన అంకెలను ఎంతవరకు నమ్మవచ్చునని ప్రశ్నించిరి.

ఇక మనుష్యులనే పరీక్షింపవలసి వచ్చెను. 1958లో ప్రారంభమైన ఏడు దేశముల పరిశోధనలో 40 మొదలు 59 ఏండ్ల వరకు వయస్సుగల సుమారు 12,700 మంది పురుషులను ఒకే పద్ధతిలో పరీక్షించి, ఏండ్ల తరబడి గమనించిరి. అయినను భేదము మాయము కాలేదు. తూర్పు ఫిన్లండులో మరణములు మిక్కిలి హెచ్చుగాను, జపానులోను గ్రీసునకు చెందిన క్రీటు ద్వీపములోను మిక్కిలి తక్కువగాను ఉండెను.

ఇది వంశగుణమేమో అను సందేహము మిగిలినది. 1965లో ఆరంభమైన మరొక పరిశోధన దీనికి సమాధానమిచ్చెను. హిరోషిమా, నాగసాకీ నగరములలోను, హవాయిలోను, కాలిఫోర్నియాలోను నివసించు జపాను సంతతి పురుషులను పోల్చి చూచిరి. హృద్రోగము జపానులో తక్కువ, హవాయిలో అంతకన్న ఎక్కువ, కాలిఫోర్నియాలో అన్నిటికన్న ఎక్కువ. వంశమొక్కటే, మారినది నివాసము, దానితోపాటు ఆహారము, అలవాట్లు.

ఈ జ్ఞానము ఫిన్లండునకే ఎంతో ఉపకరించినది. 1971లో ఉత్తర కరేలియా ప్రాంత ప్రతినిధులు ఈ మరణములను అరికట్టుటకు సాయపడుమని ప్రభుత్వమును అర్థించిరి. మరుసటి ఏడు పెక్కా పుస్కా నాయకత్వమున కార్యక్రమము మొదలైనది. ప్రజలు వెన్నను, పొగ త్రాగుటను తగ్గించిరి. కూరగాయలను ఎక్కువగా తినసాగిరి. రక్తపుపోటునకు వైద్యము చేయించుకొనిరి. 2006 నాటికి, పనిచేయు వయస్సులోని పురుషులలో హృద్రోగ మరణముల రేటు 80 శాతమునకు పైగా తగ్గెను. మెరుగైన చికిత్సయు ఇందుకు తోడ్పడినది.

వంశమునకు ప్రభావమే లేదని దీని అర్థము కాదు. ఒకే ఊరివారిలో ఒకరికి వ్యాధి వచ్చి వేరొకరికి రాకుండుటకు అదియు ఒక కారణము. కాని కరేలియా ప్రజల వంశము 35 ఏండ్లలో మారలేదు. మరణములు మాత్రము తగ్గినవి. దేశముల మధ్య కనబడు అంతరములో అధికభాగము మానవుడు మార్చుకొనగలిగినదే.