పాతిక సెంట్ల ఫొటో

ఫొటోను ఒకసారి తీసి పదిమందికి అమ్ముకోవడం ఇంటర్నెట్‌తో వచ్చిన తెలివి కాదు. 1880ల్లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన లాలా దీన్‌దయాళ్‌కు ఆ కిటుకు బాగా తెలుసు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫరుగా ఆయన తీసిన కొలువు చిత్రాలకే పేరెక్కువ. కానీ కోటలు, గుళ్లు, కట్టడాల 'వ్యూలు' కూడా తీసి, గాజు నెగిటివులకు నంబర్లు వేసి దాచేవారు. అడిగినవాళ్లకు అదే పలక నుంచి మళ్లీ మళ్లీ ప్రింటు వేసి ఇవ్వొచ్చు. అమెరికాలో ఈ పనిని వృత్తిగా నిలబెట్టిన తొలి ఏజెన్సీల్లో ఒకటి 1920లో ఫిలడెల్ఫియాలో హెచ్. ఆర్మ్‌స్ట్రాంగ్ రాబర్ట్స్ పెట్టినది.

ఆ తరువాత దశాబ్దాల పాటు ఏజెన్సీల వ్యాపారం కౌలు లాగానే నడిచింది. ఫొటో ఎవరికి, ఏ దేశంలో, ఎంత సైజులో, ఎన్నాళ్లకు అన్నది ముందే తేలితే గాని ధర చెప్పేవారు కాదు. ఒక్క వాడకానికే వందల డాలర్లు పలికేది. 1991లో సియాటిల్‌లో మొదలైన ఫొటోడిస్క్ ఈ బేరాన్ని పక్కనపెట్టి, సీడీల నిండా ఫొటోలు నింపి అమ్మింది. ఒకసారి కొంటే చాలు, ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. 'రాయల్టీ ఫ్రీ' అన్న ఈ పద్ధతే, ఫొటోలను చిల్లర ధరకు అమ్మే మైక్రోస్టాక్‌కు పునాది. ఫొటో ధర పడిపోవడానికి డిజిటల్ కెమెరానే తిట్టుకుంటారు గాని, అసలు దెబ్బ లైసెన్సు కాగితంలో ఉంది.

కెనడాలోని కాల్గరీలో బ్రూస్ లివింగ్‌స్టన్ 2000లో ఐస్టాక్‌ఫొటోను పెట్టినప్పుడు అది ఉచితం. డిజైనర్లు తమ ఫొటోలు పెట్టి, ఇతరులవి తీసుకునేవారు. రద్దీ పెరిగి సర్వర్ల బిల్లు మోయలేని స్థితి వచ్చాక ఫొటోకు పాతిక సెంట్లు పెట్టారు. మైక్రోస్టాక్ పుట్టింది అలా, కరెంటు బిల్లు కట్టుకోవడానికన్నట్టు!

2003లో న్యూయార్క్‌లో జాన్ ఓరింగర్ తాను తీసిన 30,000 ఫొటోలతో షట్టర్‌స్టాక్ ప్రారంభించి, నెల చందా పద్ధతి తెచ్చాడు. అదే ఏడాది వెయ్యి డాలర్లలోపు ధరకు కానన్ 300డి డిజిటల్ కెమెరా వచ్చింది. గుమాస్తాలు, విద్యార్థులు, గృహిణులు కూడా ఏజెన్సీ నాణ్యతతో ఫొటోలు తీయగలిగారు. 2006లో ఫొటో ఏజెన్సీ గెట్టీ ఇమేజెస్ 5 కోట్ల డాలర్లిచ్చి ఐస్టాక్‌ను కొనేసింది. ఆ జూన్‌లో వైర్డ్ పత్రికలో జెఫ్ హౌ 'క్రౌడ్‌సోర్సింగ్' (పనిని జనసమూహానికి అప్పజెప్పడం) అన్న మాటను జనంలోకి తెచ్చిన వ్యాసానికి మొదటి ఉదాహరణ ఐస్టాకే. అందులో ఒక వృత్తి ఫొటోగ్రాఫరు వంద డాలర్లకు పైగా అడిగిన చోట, కొనేవాళ్లకు ఒక డాలరుకే బొమ్మ దొరికింది.

ఇక మన ఊళ్ల ఫొటోల సంగతికి, ఉదాహరణకు పెదపారుపూడికి వద్దాం. ఈనాడు వ్యవస్థాపకుడు రామోజీరావు పుట్టిన ఊరది. అక్కడి చేలల్లో నాట్లు వేస్తున్న కూలీల ఫొటో పత్రికలో పడితే ఊరి పేరు లేకుండా వార్త కాదు. మైక్రోస్టాక్‌లో ఆ పేరు ఎవరూ వెతకరు. 'వరి', 'రైతు', 'ఆసియా', 'వానాకాలం' అంటూ ఇంగ్లీషులో యాభై దాకా కీవర్డులు తగిలించాలి. ఏ ఊరిదో తెలియని ఫొటోకే గిరాకీ.

మొహం కనబడితే మోడల్ రిలీజ్ అనే అనుమతి పత్రం మీద ఆ మనిషి సంతకం కావాలి. లేకపోతే ప్రకటనలకు అమ్మడానికి లేదు. పెడనలో అద్దకం పని తీద్దామన్నా, కలంకారీ డిజైను గుర్తుపట్టేలా ఉంటే హక్కుదారు అనుమతి అడుగుతారు. ఇదంతా చాదస్తం అనిపిస్తే 2018 ఆగస్టు గుర్తు చేసుకోవాలి. తెలంగాణ ప్రభుత్వ రైతు బీమా, కంటి వెలుగు పథకాల ప్రకటనల్లో ఒకే మహిళ ఒకదానిలో సొంత భర్తతో, ఇంకోదానిలో వేరే మగవాడితో కనిపించింది. ఊళ్లో ఆ కుటుంబం తలెత్తుకోలేని పరిస్థితి.

డబ్బు సంగతి. షట్టర్‌స్టాక్ అమెరికా కంపెనీ కాబట్టి డబ్ల్యూ-8బెన్ ఫారం నింపి పాన్ నంబరు ఇస్తే, అక్కడి అమ్మకాల మీద పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతం మినహాయిస్తారు. 2020 జూన్‌లో షట్టర్‌స్టాక్ ఫొటోగ్రాఫర్ల వాటాను 15 నుంచి 40 శాతం మెట్లుగా మార్చింది. ఎంత పైమెట్టు ఎక్కినా జనవరి 1న మళ్లీ అడుగు మెట్టే. కొన్ని డౌన్‌లోడ్లకు పది సెంట్లే పడ్డాయి. చాలామంది కోపంతో తమ ఫొటోలు అమ్మకం నుంచి తీసేశారు. కంపెనీ మాత్రం తగ్గలేదు.

2022 అక్టోబరులో అదే కంపెనీ ఓపెన్‌ఏఐతో చేతులు కలిపింది. ఏఐకి పాఠం చెప్పడానికి వాడిన ఫొటోల యజమానులకు ఒక నిధి నుంచి కొంత పంచుతామంది. 'పొలంలో రైతు' అని టైపు చేస్తే బొమ్మ తయారయ్యే రోజుల్లో అచ్చం అలాంటి ఫొటో కొనేదెవరు? మిగిలింది వార్తలకు వాడే ఎడిటోరియల్ విభాగం. మాఘ పౌర్ణమికి హంసలదీవిలో సముద్ర స్నానాలు చేసే జనం ఫొటోకు అక్కడ సంతకాలు అక్కర్లేదు, ప్రకటనలకు మాత్రం వాడకూడదు. అక్కడ ఏఐ బొమ్మలు చెల్లవు. వివరణ రాసేటప్పుడు మొదట ఊరు, తరువాత దేశం, ఆపైన తేదీ వేయాలి. తేదీ తప్పితే ఫొటో తిరిగొస్తుంది.