తూటా పేరులో దాగిన కొలత

శాసనాలు, నాణేలే కాదు, ఒక వస్తువు పేరు కూడా చరిత్రకు ఆధారమే. 1873లో అమెరికా సైన్యం స్వీకరించిన రైఫిల్ తూటా పేరు .45-70. మొదటి సంఖ్య తుపాకి గొట్టం వ్యాసం, అంగుళాల్లో. రెండోది లోపల పోసే తుపాకిమందు బరువు, 70 గ్రెయిన్లు. మన కంసాలులకు గురిగింజ ఎలాగో, ఇంగ్లండు తూనికకు బార్లీ గింజ అలాగ. 7000 గ్రెయిన్లు ఒక పౌండు. అంటే ఆ తూటాలో పట్టేది సుమారు నాలుగున్నర గ్రాములు.

పేరులో బరువు ఉన్నా, తూచి పోసినవారు తక్కువ. 1870లలో అడవిదున్నల వేటగాళ్లు రాత్రి గుడారం దగ్గర కూర్చుని, పేల్చిన ఇత్తడి తొడుగుల్లో తామే మళ్లీ మందు నింపుకొనేవారు. చేతిలో ఉన్నది చిన్న కొలపాత్ర. మీ ఇంట్లో సోలతో బియ్యం కొలవడం చూసి ఉంటే ఇందులోని చిక్కు మీకు తెలిసిందే. సోలను కుదిపితే బియ్యం దిగి, మరికొన్ని పడతాయి. అంచుకు సమంగా తీసిన సోల, కుప్పగా పోసిన సోల ఒకటి కావు. మందూ అంతే. ముతక పలుకులు, సన్న పలుకులు ఒకే పాత్రలో ఒకే బరువు తూగవు. అందుకే ఒకే రకం మందును ప్రతిసారీ ఒకేలా పోసి, ఒకేలా తట్టి, అంచు తీయాలి. తేడా వస్తే గురి చెడేది గాని ప్రాణం మీదికి వచ్చేది అరుదు. తొడుగు నిండాక ఇక పట్టదు కదా!

1884లో ఫ్రెంచి రసాయనవేత్త పాల్ వియే పొగరాని మందు రూపొందించాక ఈ ధీమా పోయింది. కొత్త మందు చాలా తక్కువ బరువుతోనే అంత బలం ఇస్తుంది. రెట్టింపు పోసినా తొడుగులో చోటు మిగలవచ్చు. పాత కొలపాత్రతో దాన్ని నింపినవారి తుపాకులు చేతుల్లోనే పగిలాయి. కొందరు తయారీదారులు పాత కొలతకే సరిపోయే గుల్ల మందు చేశారు. చిక్కటి మందుకు మాత్రం త్రాసు తప్పనిసరైంది. డబ్బా మీది అక్షరాలు చదవగలగడం ప్రాణానికి సంబంధించిన విషయమైంది. ఆవిష్కర్తల పేర్లు మన పాఠాల్లో ఉంటాయి. కొలత మార్చుకోలేక వేళ్లు పోగొట్టుకున్నవారు ఉండరు.

1906 నాటి తూటా .30-06లో రెండో సంఖ్య మందు బరువు కాదు, సంవత్సరం. మందు రకాన్నిబట్టి బరువు మారుతుంటే దాన్ని పేరులో పెట్టి ఏం లాభం? అయినా పాత కొలత పూర్తిగా పోలేదు. అమెరికాలో కొన్ని షాట్‌గన్ తూటాల పెట్టెల మీద నేటికీ ‘డ్రామ్ సమానం’ అని ముద్రిస్తారు. అది లోపలి మందు బరువు కాదు, ఎన్ని డ్రాముల పాత మందుకు అది సాటి అనేది. ఆ అంకెను బరువుగా పొరబడి త్రాసులో తూచి పోస్తే, ఆనాటి ప్రమాదమే మళ్లీ జరుగుతుంది.