వాంపైర్: సెర్బియా పల్లెల మాట

సెర్బియా పల్లెల్లో ‘వాంపిర్’ అంటే సమాధిలో కుళ్ళకుండా ఉండి, రాత్రిళ్ళు లేచి ఊరివాళ్ళ ప్రాణాలు తీసే శవం. అక్కడి చావుల మీద ఆస్ట్రియా సైనిక వైద్యులు రాసిన నివేదిక 1732లో యూరప్ పత్రికలకెక్కింది. దాంతో ఆ మాట ఇంగ్లీషు పాఠకుల నోళ్ళలోనూ నానింది. 1819లో ఇంగ్లీషు రచయిత పాలిడోరి తన కథలో ఆ శవాన్ని ప్రభువును చేశాడు.

వాంపైర్ మీద జాలి మాత్రం మెల్లగా వచ్చింది. 1847లో ముగిసిన ‘వార్నీ’ అనే ఇంగ్లీషు సీరియల్ కథలో పిశాచి తన బతుకు మీద తనకే రోత పుట్టి వెసూవియస్ అగ్నిపర్వతంలో దూకాడు. 1976లో రచయిత్రి ఆన్ రైస్ నవలలో లూయీ అనే వాంపైర్ తన కథ తానే చెప్పుకున్నాడు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే: ఎవరైనా ‘నేను’ అంటూ గోడు చెప్పుకుంటుంటే వినకుండా ఉండలేం.

మన ‘రక్తపిశాచి’ అన్న మాటలో లూయీ దుఃఖానికి చోటు లేదు. కానీ 1870లో ఇంగ్లీషు రచయిత బర్టన్ మన బేతాళుణ్ణే ఇంగ్లీషులో వాంపైర్ అన్నాడు. విక్రమార్కుడి భుజం మీద బేతాళుడు అడిగేది రక్తం కాదు, జవాబు.