పాలు విడిచిన నాటి విందు



మన పల్లెల్లో బిడ్డకు పాలు మాన్పించిన రోజున విందు చేసినవాళ్లను నేనెక్కడా చూడలేదు. వేపాకు నూరి రొమ్ముకు రాసుకోవడం, నాలుగు రాత్రులు బిడ్డను అమ్మమ్మ పక్కన పడుకోబెట్టడం, ఆ ఏడుపు విని తల్లి కూడా చాటుగా కళ్లు తుడుచుకోవడం, ఇంతే. అబ్రాహాము మాత్రం ఇస్సాకు పాలు విడిచిన రోజున గొప్ప విందు చేశాడు (ఆదికాండము 21:8). ఎందుకు?

ఆ కాలంలో పాలు విడవడం ఏడాది బిడ్డ సంగతి కాదు. క్రీస్తుకు పూర్వం సుమారు 1800 నాటి ఎష్నున్నా పట్టణపు చట్టాల్లో, బిడ్డను పెంచే దాదికి 3 ఏళ్లు ధాన్యం, నూనె, బట్టలు ఇవ్వాలని ఉంది. రెండవ మక్కబీయుల గ్రంథంలోని తల్లి కూడా తాను పాలిచ్చింది 3 ఏళ్లని కొడుకుతో అంటుంది. (ఆ గ్రంథం మనం చదివే బైబిలులో లేదు, క్యాథలిక్కుల బైబిలులో ఉంది.) తల్లిపాలు ఆగితే బిడ్డ ఊరి నీళ్లకు, నిలవ తిండికి అప్పగింపబడినట్టే. విరేచనాలతో ఎందరో పసివాళ్లు ఆ వయసులోనే పోయేవారు. అంతదాకా బ్రతికిన బిడ్డ నిజంగా ఇంటికి దక్కిన బిడ్డ. ఆ విందుకు కారణం ఇదేనని నా నమ్మకం.

అన్నట్టు, మన వేపాకు వైద్యం కొత్తదేమీ కాదు. క్రీ.శ. 2వ శతాబ్దం మొదట్లో రోములో వైద్యం చేసిన ఎఫెసువాడు సోరానస్, రొమ్ముకు చేదు రాసి ఒక్కసారిగా మాన్పించవద్దని వ్రాశాడు. మెల్లమెల్లగా మెత్తని తిండి అలవాటు చేసి, ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య, వసంతకాలంలో మాన్పించమన్నాడు. ఎఫెసు అనగానే మనకు పౌలు గుర్తొస్తాడు గాని, ఈ వైద్యుడి మాట మన అమ్మలకు ఎక్కువ పనికొస్తుంది!

ఇక హన్నా. ఎల్కానా ఏటేటా బలి అర్పించడానికి వెళ్తుంటే, బిడ్డ పాలు విడిచేదాకా నేను రానని ఆమె ఇంట్లోనే ఉండిపోయింది (1 సమూయేలు 1:22). భర్త కూడా బలవంతపెట్టలేదు. మిగతా తల్లులకు పాలు మాన్పించడమంటే నాలుగు రాత్రుల ఏడుపు. ఈమెకు మాత్రం, బిడ్డ అన్నం ముద్ద తినడం నేర్చిన కొద్దీ షిలోహు దగ్గరపడుతోంది. తొందరపెట్టే అత్త, ఆడబిడ్డ ఎవరూ కథలో లేరు. ఇంకో ఏడాది పాలిచ్చినా అడిగేవారు లేరు. అయినా ఒక రోజున ఆపేసింది. కోడెలు, పిండి, ద్రాక్షారసపు తిత్తి తీసుకుని, చిన్నవాణ్ణి వెంటబెట్టుకుని బయలుదేరింది.

ఆ తరువాత ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది (1 సమూయేలు 2:19). ఏడాదికొకసారి చూసే బిడ్డ ఎంత ఎదిగాడో, కొలత ఎలా అంచనా వేసేదో! ఎదిగే పిల్లలని మనవాళ్లు వదులుగా కుట్టిస్తారు చూడండి, ఆమె కూడా అలాగే కుట్టి ఉంటుంది.