చిటికెడు ఉప్పు - కాంగ్రా లోయ పాఠం

మెడ ముందు భాగంలో వచ్చే వాపే గళగండం. హిమాలయ సానువుల్లో ఇది తరతరాల వ్యాధి. వానలు, హిమానీనదాలు నేలలోని అయోడిన్‌ను కడిగేయడంతో పంటల్లోనూ అది కొరవడింది. అయోడిన్ లేనిదే థైరాయిడ్ గ్రంథి హార్మోన్లను తయారుచేయలేదు. శ్రమించి శ్రమించి ఉబ్బుతుంది. గర్భిణిలో ఈ లోపం తీవ్రమైతే బిడ్డ మెదడు ఎదుగుదల కుంటుపడుతుంది.

శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వి. రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో కాంగ్రా లోయను మూడు మండలాలుగా విభజించారు. రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు అందించారు. 1962 నాటికి మొదటి రెండింటిలో గళగండం బాగా తగ్గింది, మూడోదానిలో తగ్గలేదు. తరువాత అక్కడా అయోడిన్ ఉప్పే ఇచ్చారు. 1962లోనే జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

పెద్దలకు రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములే. అయితే థైరాయిడ్ జబ్బులన్నిటికీ అయోడిన్ లోపమే కారణం కాదు. ఉప్పును నమ్ముకొని డాక్టరు ఇచ్చిన మాత్రలు మానరాదు.